నీళ్ళు దిగని మిషను

6 ఏప్రిల్ 1994, బుధవారం

మోటారు వైండింగ్ తీగ అమ్మే డీలరు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. మూడు నెలలుగా దుకాణంలో కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద బరువు పెట్టడానికి వాడుతున్నాను. ఇవాళ్టి నుంచి ఇందులో రాయాలి. డాక్టరమ్మ ఆర్డరు.

అజీజాకు గర్భసంచి తీసేసి తొమ్మిది రోజులైంది. నిన్న ఇంటికి తెచ్చాను. పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను స్కూలు పిల్లవాడిలా నిలబెట్టి చెప్పింది. మూడు నెలలు బరువు ఎత్తొద్దు. వంగొద్దు. బట్టలు పిండొద్దు. రోజూ జ్వరం చూసి పుస్తకంలో రాయాలి, వంద దాటితే ఆ గంటలోనే తీసుకురావాలి. కుట్లు తెగితే మళ్ళీ కోయాలి, ఈసారి ఆమె ఒళ్ళు తట్టుకోదు, అంది. సరేనమ్మా, ఆమెను నీళ్ళు ముట్టుకోనివ్వను అని వార్డంతా వినేట్టు మాటిచ్చాను.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను పిండిన బట్ట ఏదైనా ఉందా అని రిక్షాలో దారంతా ఆలోచించాను. దుకాణంలో గ్రీజు గుడ్డ ఒకటి గుర్తొచ్చింది. అది కూడా పిండలేదు, పారేశాను.

మా అమ్మాయి జాహేదా మహబూబ్‌నగర్ నుంచి ఉత్తరం రాసింది, వచ్చి నెల రోజులు ఉంటానని. ఇద్దరు చంటిపిల్లలతో ఎందుకు, వద్దని రాశాను. పక్కింటి గోపమ్మ కూడా అడిగింది. మేకల పని, పాల పని చేసుకుంటూనే, “రొండు జతల బట్టలు నేను పిండేస్త తీయన్నా” అంది. ఆమెకూ వద్దన్నాను. ఎందుకంటే మా ఇంటికి బట్టలుతికే మిషను వస్తోంది.

ఇందులో ఏం రాసినా అజీజాకు తెలియదు. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడడం వచ్చు, తెలుగు చదవడం రాదు. కాబట్టి నా గురించి నిజాలే రాసుకోవచ్చు.

జ్వరం: లేదు. (అడిగాను.)

థర్మామీటరు కొన్నాను. డబ్బాలోనే ఉంది. మోటారుకు నోరు లేదు కాబట్టి మీటరు పెట్టాలి. మనిషిని అడిగితే సరిపోతుంది కదా.

7 ఏప్రిల్

మిషను వచ్చింది. నీటిపారుదల శాఖ ఇంజనీరుగారు బదిలీ మీద పోతూ, ఆయన బోరు మోటారు నాలుగుసార్లు బాగుచేసిన పరిచయం కొద్దీ నాకు వదిలేశారు. తెల్లటి పెట్టె. పైన మూత, లోపల ఒక తొట్టి, ముందు తిప్పుడు బిళ్ళ, వెనక పొడుగాటి మెత్తటి పైపు. తోపుడుబండి మీద వీధిలోకి వస్తుంటే జనం బయటికొచ్చి చూశారు. నేను బండి పక్కన నడిచాను. పెళ్ళికొడుకైన రోజు కూడా నేను అంత నిటారుగా నడవలేదు.

ఇంజనీరుగారి భార్య చెప్పింది, “ఉతికేటప్పుడు పైపు పైకి తగిలించండి, అయ్యాక కింద మోరీలోకి వదిలేయండి, అంతే” అని. నాకు నవ్వొచ్చింది. నల్గొండలో, ఏప్రిల్ నెలలో, నల్లా రోజు విడిచి రోజు వచ్చే వీధిలో, నాలుగు బకెట్ల నీళ్ళు మురుగుకాలవలోకి వదలడమా! పెద్ద ఇంజనీర్లకు నీళ్ళ విలువ తెలియదు.

నేను ఏం చేశానంటే, మిషను పక్కనే మా ఇనుప డ్రమ్ము నిలబెట్టి, పైపు కొసను డ్రమ్ము అంచుకు రాగి తీగతో ఏడు చుట్లు చుట్టి, పైన టంకం కూడా వేశాను. ఉతికిన నీళ్ళు తిన్నగా డ్రమ్ములోకి. వాకిలి కడగడానికి, పాయఖానాకు, గోపమ్మ మేకల కొట్టానికి. ఒక్క చుక్క వృథా పోదు. ఏనుగు లాగినా ఆ పైపు ఊడదు. అజీజాను మంచం మీది నుంచే చూడమన్నాను. చూసింది.

జ్వరం: లేదు. (అడిగాను.)

8 ఏప్రిల్, శుక్రవారం

నాలుగు బకెట్ల నీళ్ళు నేనే మోసి పోశాను. అజీజా చీరలు రెండు, నా చొక్కాలు మూడు వేశాను. బిళ్ళ తిప్పాను. తొట్టిలో నీళ్ళు గిర్రున తిరిగాయి. గోపమ్మ నోట్లో కొంగు పెట్టుకుని చూసింది. “అవ్వో, గిది బట్టలను మింగుతాంది గదన్నా!” అంది. నేను ఏమీ అనలేదు. మాట్లాడకుండా నిలబడడంలో ఒక గొప్ప ఉంటుంది.

ఉతకడం అయిపోయింది. నీళ్ళు పోలేదు.

కాసేపు చూశాం. గోపమ్మ మేకలు వచ్చాయని వెళ్ళిపోయింది. నేను జుమ్మా నమాజుకు వెళ్ళొచ్చాను. నీళ్ళు అక్కడే ఉన్నాయి. చివరికి మిషనును పక్కకు వంచి నీళ్ళు పారబోశాను. అవి వాకిలి వైపు పోతాయనుకున్నాను. అజీజా మంచం కిందికి పోయాయి. గోపమ్మ మళ్ళీ వచ్చి తుడిచింది.

9 ఏప్రిల్

ఇరవై నాలుగేళ్ళుగా నా దుకాణానికి వచ్చే ప్రతి రైతుదీ ఒకటే మాట: “ఉస్తాద్, నీళ్ళొస్తలేవు.” నేను మోటారు విప్పుతాను. కాయిల్ కాలి ఉంటుంది. కొత్తది చుడతాను. నీళ్ళొస్తాయి. నీళ్ళు రాకపోవడానికి కారణం మోటారైతే, నీళ్ళు పోకపోవడానికీ మోటారే కారణమై ఉండాలి. వెనక రేకు విప్పాను.

మంచం మీది నుంచి అజీజా అంది: “గా పైపు జర ఎత్తు మీదున్నదేమో, చూడుండ్రి.”

బోరు మోటారు మూడు వందల అడుగుల లోతు నుంచి నీళ్ళను ఎత్తి పోస్తుంది, దీనికి మూడడుగులు ఒక లెక్కా అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. నువ్వు నాకు మోటార్లు నేర్పుతావా, కేతేపల్లి నుంచి కోస్గి దాకా నా పేరు తెలియని రైతు ఉన్నాడా, నీ పని పడుకోవడం, పడుకో అన్నాను.

పడుకుంది.

10 ఏప్రిల్

కాయిల్ బాగానే ఉంది. మీటరు పెట్టి చూశాను, వాసన చూశాను, నాలుకతో తప్ప అన్ని విధాలా చూశాను. ఏ లోపమూ లేదు. అయినా చింపేసి కొత్తది చుట్టాను. లోపల ఎక్కడో దొంగ లోపం ఉండొచ్చు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పట్టింది. నిక్షేపంలాంటి మోటారును నా చేత్తో చంపి, నా చేత్తోనే బతికించాను.

దుకాణం తీయలేదు.

జ్వరం: లేదు. (అడిగాను.)

11 ఏప్రిల్

నీళ్ళు పోవడం లేదు. మళ్ళీ వంచి పారబోశాను. ఈసారి ముందే మంచం కింద గోనెసంచులు పరిచాను.

12 ఏప్రిల్

పొద్దున టీ తాగుతుంటే తట్టింది. పొలంలో కరెంటు తీగలు అటూ ఇటూ మారితే మోటారు ఉల్టా తిరుగుతుంది, నీళ్ళు సరిగా రావు. ఇదీ ఉల్టా తిరుగుతోందేమో! పరుగెత్తుకొచ్చి లోపల తీగలు మార్చాను. ఉల్టా తిరిగింది. బ్రహ్మాండంగా తిరిగింది. బట్టలు ఎంతవరకు వచ్చాయో చూద్దామని మూత తీసి వంగితే, చొక్కా చెయ్యి ఒకటి ఎగిరొచ్చి చెంప మీద కొట్టింది. అజీజా దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దుప్పటి కదులుతోంది. ఆమెకు నవ్వితే కుట్లు లాగుతాయి, కాబట్టి నవ్వించడం కూడా తప్పే. ఆ సంగతి డాక్టరమ్మ చెప్పలేదు.

నీళ్ళు పోలేదు. అన్నం తినబుద్ధి కాలేదు. గోపమ్మ వండి పంపిన పప్పు అట్లాగే ఉంది. నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉంది. ఇది బాగు కాకపోతే బట్టలు ఎవరు ఉతుకుతారు? అజీజా లేస్తుంది. నేను ఇంట్లో లేనప్పుడు చూసి లేస్తుంది. ఆమె సంగతి నాకు తెలుసు.

13 ఏప్రిల్

అల్లా దయ! పోయాయి!

పొద్దున బట్టలు వేసి తిప్పి, నీళ్ళు పోక, విసుగొచ్చి స్విచ్ ఆపేసి దుకాణానికి పోయాను. సాయంత్రం వచ్చి మూత తీస్తే తొట్టి ఖాళీ! అడుగున బట్టలు తప్ప చుక్క నీరు లేదు. డ్రమ్ములో చూస్తే సగానికి పైగా నీళ్ళు, సబ్బు నురగతో సహా. నేను చెప్పినట్టే, నేను కట్టిన పైపులోంచే పోయాయి! కొత్త కాయిల్ కుదురుకోవడానికి ఒక రోజు పట్టింది, అంతే. కొత్త బోరు కూడా మొదట బురద కక్కి, తరవాతే మంచి నీళ్ళిస్తుంది.

ఇల్లంతా తిరిగాను. మంచం దగ్గర నిలబడి, “చూసినవా? పైపు ఎత్తంట, పైపు!” అన్నాను.

“చూసిన,” అంది అజీజా. “మీ చెయ్యి పడ్డంక బాగు గాకుండ ఉంటదా. ఇగనన్న అన్నం తినుండ్రి.”

రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. బట్టలు నేనే ఆరేశాను. దానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని తెలియదు, చీర తాడు మీద నుంచి జారి మట్టిలో పడింది.

జ్వరం: లేదు.

14 ఏప్రిల్

బస్టాండు పక్కన రజాక్ హోటల్లో అందరికీ నా తరఫున చాయ్. రజాక్ గ్లాసులు పెడుతూ, “హైదరాబాద్ కంపెనీవాళ్ళు గూడ మన ఉస్తాద్ దగ్గర నేర్చుకోవాలె,” అన్నాడు. నేను వద్దు వద్దన్నాను, అయినా ఇంకొకసారి అనేదాకా అక్కడే కూర్చున్నాను. కాయిల్ సంగతి, ఉల్టా తిప్పిన సంగతి వివరంగా చెప్పాను. మంచం కింద నీళ్ళ సంగతి చెప్పలేదు. చొక్కా చెంపదెబ్బ సంగతి అసలే చెప్పలేదు.

ఇవాళ కూడా నేను ఉన్నంతసేపు నీళ్ళు పోలేదు. సాయంత్రానికి పోయాయి.

15 ఏప్రిల్, శుక్రవారం

కారణం దొరికింది. వోల్టేజి. పొద్దున ఎనిమిదింటికి మీటరు పెడితే నూట డెబ్బై ఎనిమిది ఉంది. అప్పుడు ఊరంతా మోటార్లు వేస్తారు. పగలు పెరుగుతుంది. పెరిగాక మిషను నీళ్ళను బయటికి పంపుతుంది. ఇక రోజూ వోల్టేజి రాస్తాను.

వోల్టేజి: 178. జ్వరం: లేదు. (అడిగాను.)

ఒక చిన్న చిక్కు. నేను స్విచ్ ఆపి వెళ్తున్నాను కదా, ఆపిన మోటారు నీళ్ళు ఎట్లా పంపుతోంది? రేపు ఆలోచిస్తాను.

16 ఏప్రిల్

వోల్టేజి: 174. నీళ్ళు పోయాయి. జ్వరం: లేదు.

17 ఏప్రిల్

వోల్టేజి: 181. నీళ్ళు పోయాయి. అజీజా చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. తాగే నీళ్ళు ఒలికాయంది. గ్లాసు దగ్గరగా పెట్టి ఉంచాను.

ఆ చిక్కు సంగతి ఆలోచించలేదు. దుకాణంలో మూడు మోటార్లు వచ్చాయి.

18 ఏప్రిల్

కేతేపల్లి ఐలేశం మోటారు తెచ్చాడు. పదేళ్ళ గిరాకీ. రజాక్ దగ్గర మిషను గురించి విని, చూపించాలని పట్టుబట్టాడు. ఇంటికి తీసుకొచ్చి, నీళ్ళు పోసి తిప్పాను. తిరిగింది. నీళ్ళు పోలేదు. పావుగంట నిలబడ్డాం. ఐలేశం మర్యాదస్తుడు, నా మొహం చూడకుండా మిషను రంగు బాగుందన్నాడు. వోల్టేజి నూట అరవై తొమ్మిది, అదీ సంగతి అని చెప్పి, అతన్ని బస్సు దాకా దిగబెట్టి వచ్చాను. ముప్పావుగంట పట్టింది. వచ్చేసరికి తొట్టి ఖాళీ!

మీటరు పెడితే వోల్టేజి నూట అరవై తొమ్మిదే. అంటే వోల్టేజి కాదేమో. బయటివాళ్ళ ముందు సిగ్గేమో దీనికి.

అజీజా గోడ వైపు తిరిగి పడుకుంది. పలకరిస్తే నిద్రొస్తోందంది. నుదుటి మీద చెమట. ఎండలు మండిపోతున్నాయి.

జ్వరం: లేదు. (అడిగాను. లేదనే అంది.)

19 ఏప్రిల్

వోల్టేజి: 176. నీళ్ళు పోయాయి. అజీజా రెండు ముద్దలు తిని చాలంది. ఈ ఎండల్లో ఆకలి ఎవరికి ఉంటుంది?

20 ఏప్రిల్

ఇవాళ మీటరు ఇంట్లో మరిచిపోయి, పదకొండింటికి తిరిగొచ్చాను.

తలుపు దగ్గరికేసి ఉంది. లోపలికొస్తే మిషను మూత తెరిచి ఉంది. అజీజా దాని పక్కన నిలబడి, ఎడమచేత్తో తొట్టి అంచు పట్టుకుని, కుడిచేతిలో చెంబుతో నీళ్ళు తోడి డ్రమ్ములో పోస్తోంది. ఒక చెంబు పోసి ఆగుతోంది. కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంటోంది. మళ్ళీ వంగుతోంది. నేను వచ్చింది చూడలేదు. నాలుగు చెంబుల దాకా నేను అట్లాగే నిలబడిపోయాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. చేతిలోంచి చెంబు లాక్కోవాల్సిన మనిషిని.

తరవాత నన్ను చూసింది. చెంబు వెనక్కి దాచుకుంది. చిన్నపిల్ల చక్కెర దొంగిలించి దొరికినట్టు.

చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది. ఇన్ని రోజుల్లో ఆమెను ముట్టుకున్నది అదే మొదటిసారి. చీర మీద, కుట్లు వేసిన చోట, చీము మరక ఉంది.

గోపమ్మ రిక్షా పిలుచుకొచ్చింది. దవాఖానలో జ్వరం నూట మూడు.

21 ఏప్రిల్

చీము తీశారు. రెండు సెలైన్లు ఎక్కించారు. మళ్ళీ కోయాలా వద్దా రెండు రోజులు చూసి చెప్తానంది డాక్టరమ్మ. తరవాత, “రోజూ రాయమన్నాను, పుస్తకం ఏది?” అని అడిగింది.

ఇంట్లో ఉందని చెప్పొచ్చు. నా చంకలోనే ఉంది. ఇచ్చాను.

నిలబడే చదివింది. మొదటి పేజీ మామూలుగానే చదివింది. మూడో పేజీ దగ్గర కళ్ళద్దాలు సర్దుకుంది. ఆ తరవాత పైకే చదవసాగింది. “పదిహేనో తారీకు. వోల్టేజి నూట డెబ్బై ఎనిమిది. జ్వరం లేదు, అడిగాను. పదహారు. వోల్టేజి నూట డెబ్బై నాలుగు.” కాంపౌండరు ఇస్రాయేలు చేతిలో ట్రేతో అక్కడే ఉన్నాడు. మొదట నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. కాసేపటికి దగ్గడం కూడా మానేసి తల దించుకున్నాడు.

డాక్టరమ్మ పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. “కరెంటునేమో కొలిచారు, ఈమెనేమో అడిగారు,” అంది. అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నేను జవాబు చెప్పగలను.

సాయంత్రం అజీజా కళ్ళు తెరిచాక, ఎందుకు చేసినవ్ అని అడిగాను.

“మూడు దినాలు మీరు అన్నం ముట్టలే,” అంది. “మీ మొకం జూస్తే నాకు భయమైంది. ఒక్కపారి తోడి పోస్త, మీకు జర తసల్లి అయితది, మనసు నిమ్మలపడ్తది అనుకున్న. మీరేమో బాగైందని గంతులేసిన్రు. మల్ల పొయ్యి హోటల్ల అందరికి చాయ్ తాపి వచ్చిన్రు. ఇగ నేనెట్ల చెప్పాలె, అది నేనే తోడిన్నని?”

“జ్వరం లేదని ఎందుకన్నవ్ మరి?”

“ఉన్నదంటే దవాఖానకు తీస్కపోతరు. నీళ్ళెవరు తోడుతరు?”

ఊరిలో ఉస్తాద్ నూరుద్దీన్ పేరు వారం రోజులుగా ఒక చెంబు మీద నిలబడి ఉందన్నమాట.

22 ఏప్రిల్, శుక్రవారం

బట్టలు తేవడానికి ఇంటికొచ్చాను. గోపమ్మ మేకల కొట్టం కడగడానికి డ్రమ్ములో నీళ్ళు ముంచుకుంటోంది. లోపల చీకట్లో డ్రమ్ము అడుగు కనబడడం లేదని, దాన్ని వాకిట్లోకి ఈడ్చింది. పైపు అడ్డం వచ్చింది. “గిదేందన్నా, గిట్ల బిగించి కట్టినవ్!” అని, గడ్డి కోసే కొడవలితో నా రాగి తీగను, నా టంకాన్ని ఒక్క గీరుతో తెంపింది. పైపు కొస నేల మీద పడింది.

మిషనులో మొన్నటి నీళ్ళు, అజీజా సగం తోడి వదిలేసినవి, అట్లాగే ఉన్నాయి. అవి పైపులోంచి బుస్సున వచ్చాయి. వాకిలంతా పారాయి. మోటారు లేదు, కరెంటు లేదు, వోల్టేజి లేదు. ప్లగ్గు గోడకు పెట్టి కూడా లేదు. నీళ్ళు పల్లానికి పోతున్నాయి, అంతే.

“పోతున్నయి గదన్నా నీళ్ళు!” అంది గోపమ్మ, కొంగు ఎత్తిపట్టుకుని. “పైపు కింద పెడితె అయిపాయె. గింతదానికేనా ఇన్ని దినాలు దీనిని ఇప్పుకుంట కూసున్నవ్?”

తొట్టి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తరవాత వాకిట్లో నీళ్ళలోనే కూర్చుని ఏడ్చాను. గోపమ్మ అజీజాకు ఏమైందోనని భయపడి, “అక్క మంచిగున్నదా? మంచిగున్నదా చెప్పన్నా?” అని భుజం పట్టుకుని ఊపింది. మంచిగున్నది, నేనే మంచిగ లేను అన్నాను.

23 ఏప్రిల్

జాహేదాకు ఉత్తరం రాశాను: వెంటనే రా. అమ్మకు బాగాలేదు, నాకు బుద్ధి లేదు. రెండో వాక్యం కొట్టేద్దామనుకుని, అట్లాగే పోస్టు చేశాను.

రజాక్ హోటల్‌కు పోయాను. ఏ బెంచీ మీద కూర్చుని చాయ్ తాపానో అదే బెంచీ మీద కూర్చుని మొత్తం చెప్పాను. రాగి తీగ, ఏడు చుట్లు, చెంబు, కొడవలి. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకాయన చాయ్ ముక్కులోకి పోయి దగ్గుతూ బయటికి పరుగెత్తాడు. రజాక్ ఒక్కడూ నవ్వలేదు. “వదినెకు ఎట్లున్నది ఇప్పుడు?” అని అడిగాడు. ఆ మాటతో మిగతావాళ్ళ నవ్వు ఆగిపోయింది. రేపు తెలుస్తుందన్నాను.

24 ఏప్రిల్

మళ్ళీ కోయక్కర్లేదు!

లోపలి కుట్లు నిలిచాయట. పైనే విచ్చుకుందట, మందులతో మానుతుందట. ఇంకో వారం ఇట్లాగే గడిచి ఉంటే నేనేమీ చేయలేకపోయేదాన్ని అంది డాక్టరమ్మ. ఆమె కాళ్ళు పట్టుకోబోయాను, పక్కకు జరిగింది.

అజీజా చీరలు దవాఖాన వెనక నల్లా దగ్గర ఉతికాను. అక్కడ అందరూ ఆడవాళ్ళే. తడిసిన చీర అంత బరువు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. పిండబోతే అది నన్నే తిప్పింది. సైదమ్మ అని, కూతురు కాన్పుకు వచ్చిన పెద్దావిడ, కాసేపు చూసి చూసి, “గట్ల కాదు కొడుకా, అది కోడి మెడ కాదు ఇరవనీకె,” అని ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం చెరో వైపు మెలి తిప్పాం. నల్లా దగ్గర ఆడవాళ్ళంతా పని ఆపి చూశారు. పదింటికి ఐలేశం మోటారు సంగతి అడగడానికి వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. పలకరించాడు. చీర వదిలితే మట్టిలో పడుతుంది, కాబట్టి పారిపోలేకపోయాను. మోటారు ఎల్లుండి అవుతుందన్నాను.

మొత్తం నాలుగు చీరలు. భుజాలు లేవడం లేదు. ఇరవై ఆరేళ్ళకు ఎన్ని చీరలో, ఎన్ని లుంగీలో, ఎన్ని దుప్పట్లో అని మొదలుపెట్టి మధ్యలో మానేశాను.

26 ఏప్రిల్

జాహేదా వచ్చింది. రాగానే నన్ను ఒక్క మాట అనలేదు, తల్లిని చూసి, పిల్లలను నా ఒళ్ళో పడేసి పనిలో పడింది. ఉత్తరంలో నన్ను నేనే అనేసుకున్నాను కాబట్టి ఆమెకు మిగల్లేదనుకుంటాను.

ఇవాళ అజీజాకు పైపు సంగతి చెప్పాను. నాలుగు రోజులు దాచాను. నవ్విస్తే కుట్లు లాగుతాయని దాచానని నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. “నేను చెప్పలేదా” అంటుందని దాచాను.

అనలేదు. జాహేదా పిల్లలను నీళ్ళ దగ్గరికి తీసుకుపోయినప్పుడు, మంచం పక్కన కూర్చుని గోపమ్మ కొడవలి దాకా మొత్తం చెప్పాను. అజీజా పై కప్పు చూస్తూ విన్నది. నవ్వలేదు కూడా.

“నువ్వు రెండో రోజే అన్నవ్ గద, పైపు ఎత్తు మీదున్నదని,” అన్నాను నేనే.

“అన్న.”

“అప్పటికే నీకు తెలుసు.”

“బిందె వంచితె నీళ్ళు ఎటు పోతయో నాకెరుక గాదా? మీరు దుకాణానికి పోయినంక ఆ తీగ ఇప్పుదామని చూసిన. రాలే. వేలు కోసుకపోయింది.” చూపుడు వేలు చూపింది. సన్నటి గాటు. ఇన్ని రోజులు దాన్ని కూడా నేను చూడలేదు.

“మరి నాకు మల్లొకసారి ఎందుకు చెప్పకపోయినవ్? గట్టిగ అంటే నేను ఇనకపోదునా? ఒక్క మాట. ఆ ఒక్క మాటకు ఇంత దూరం తెచ్చుకున్నవ్ గద అజీజా!”

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా ఉంటుందనుకున్నాను. కోపం లేదు. కూర వండడం ఎట్లాగో అడిగితే చెప్పినట్టు, మామూలుగా చెప్పింది.

“మీకు రెండోసారి చెప్పుడు కన్నా, నీళ్ళు తోడుడే సులువుగ అనిపించింది.”

ఇస్రాయేలు వచ్చి టైమైంది, మగవాళ్ళు బయటికి పోవాలన్నాడు. లేచి వచ్చేశాను.

బస్టాండు దాటాక గాని కాళ్ళు కాలుతున్నాయని తెలియలేదు. చెప్పులు వార్డు బయటే ఉండిపోయాయి. వాటి కోసం వెనక్కి పోతే తలుపులోంచి ఆమెకు కనబడతాను. దుకాణం దాకా అట్లాగే నడిచాను.